ఐదుగురికి చిన్న ఎస్‌యూవీ: ఏం చూడాలి, ఎలా తేల్చుకోవాలి?

వెన్నెలదారి

అందరికీ నమస్కారం. మా పాత హ్యాచ్‌బ్యాక్ ఇక ఇంటిల్లిపాదికీ సరిపోవడం లేదు. నేను, మావారు, ఏడేళ్ల పాప, రెండేళ్ల బాబు, మా అత్తగారు, మొత్తం ఐదుగురం. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. పల్లంగా ఉండే సీటులో కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. అందుకే కాస్త ఎత్తుగా ఉండే చిన్న ఎస్‌యూవీ తీసుకుందామనుకున్నాం.

రెండు తరగతులు చూస్తున్నాం. ఒకటి, పొడవు నాలుగు మీటర్లు కాస్త దాటేవి: టొయోటా యారిస్ క్రాస్, సుజుకి విటారా లాంటివి. రెండోది, నాలుగున్నర మీటర్లకు అటూ ఇటూ ఉండేవి: టొయోటా ఆర్ఏవీ4, హోండా సీఆర్-వి, హ్యుందాయ్ టక్సన్, నిస్సాన్ ఎక్స్-ట్రెయిల్. ఇరుకు వీధుల్లో తిప్పడం, నిలపడం సులువని మావారు మొదటి తరగతి వైపు మొగ్గుతున్నారు. నాకు సామాను బెంగ.

రోజూ తిరిగేది బడి, ఆఫీసు, బజారు. అన్నీ దగ్గర దగ్గర దూరాలే. నెలకోసారి ఐదుగురమూ సామానుతో దూర ప్రయాణం చేస్తాం, అందులో కొంత కొండదారి. పెట్రోలా, డీజిలా, హైబ్రిడా? నాలుగు చక్రాలకూ శక్తి అందే రకం మాకు అవసరమా? భద్రతా పరీక్షల్లో ఐదు నక్షత్రాలు వచ్చి ఉంటే ఇక ఆ విషయం చూసుకోనక్కరలేదా? పట్టికలు చదివి చదివి తల తిరుగుతోంది. వాటిలో బండి పొడవు ఉంటుంది, హార్స్‌పవర్ ఉంటుంది, మా అత్తగారు ఎలా ఎక్కుతారో ఉండదు.

పానాపట్టు

ఇంజను విషయంలో మీరు రాసినదాంట్లో ఒక్క మాటే ముఖ్యం: దగ్గర దగ్గర దూరాలు. అది చాలు, డీజిల్‌ను జాబితాలోంచి కొట్టేయండి.

ఈ కాలపు డీజిల్ బండి పొగగొట్టంలో డీపీఎఫ్ అనే మసి ఫిల్టరు ఉంటుంది. పట్టిన మసి కాలిపోవాలంటే అది 600 డిగ్రీల దాకా వేడెక్కాలి. బడికి వెళ్లి వచ్చే దూరంలో అంత వేడి రాదు. మసి పేరుకుంటుంది, డాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది, బండి నాలాంటి వాళ్ల దగ్గరకు వస్తుంది. రోజూ పెద్ద రోడ్డు మీద దూరం తిరిగేవారికి డీజిల్ మంచిదే. మీ వాడకానికి పనికిరాదు.

పెట్రోలు, హైబ్రిడ్ గురించి తర్వాత రాస్తాను. బండిలో ఎవరు ఎక్కడ కూర్చుంటారో ముందు తేల్చుకోండి.

వెనకసీటు

పానాపట్టు గారి చివరి మాటే నా మొదటి మాట. వెన్నెలదారి గారూ, బాబుకు చైల్డ్ సీటు, పాపకు బూస్టరు, అంటే బెల్టు సరిగ్గా పట్టేలా ఎత్తు పెంచే సీటు. రెండూ చెరో తలుపు వైపు పెడితే మధ్యలో ఎంత చోటు మిగులుతుంది? అందులో మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ కూర్చోగలరా? అసలు అక్కడిదాకా ఎలా వెళతారు? ఒక పక్క బిగించి ఉన్న చైల్డ్ సీటును దాటుకుని పోవాలి కదా.

ఐదు సీట్ల బండి అంటే ఐదు బెల్టులు ఉంటాయన్నంతవరకే హామీ. ముగ్గురు పక్కపక్కన సర్దుకోగలరో లేదో మనమే చూసుకోవాలి. టేపు తీసుకుని వెళ్లండి. తలుపు నుంచి తలుపుకు భుజాల ఎత్తులో ఒకసారి, తుంటి ఎత్తులో ఒకసారి కొలవండి. రెంటిలో తక్కువ వచ్చిందే అసలు కొలత. చిన్న తరగతి బండ్లలో చాలావరకు ఈ పరీక్ష దగ్గరే ఆగిపోతాయి.

ఇంకొకటి, ఏ పట్టికలోనూ కనిపించనిది. పాప బూస్టరు పెట్టే చోట బెల్టు బకిల్ ఎలా ఉందో చూడండి. మెత్తని పట్టీకి వేలాడే బకిల్ అయితే వాలిపోయి బూస్టరు కిందకు దూరిపోతుంది. రోజూ పొద్దున్న బడికి బయలుదేరే హడావిడిలో మీరు వెనక్కి వంగి, రెండు వేళ్లు సందులోకి పోనిచ్చి దాన్ని తడుముకోవాలి. గట్టి కాడ మీద నిలబడి ఉండే బకిల్ అయితే ఏడేళ్ల పాప తనంతట తానే టక్కున పెట్టేసుకుంటుంది. నా మటుకు నాకు పనోరమా సన్‌రూఫ్ కన్నా ఇది పెద్ద సౌకర్యం.

చైల్డ్ సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఎక్కువ బండ్లలో వెనక రెండు చివరి సీట్లకే ఉంటాయి. చైల్డ్ సీటు పైభాగాన్ని వెనక్కి పట్టి ఉంచే టాప్ టెథర్ పట్టీ తగిలించే కొక్కెం ఎక్కడ ఉందో కూడా వెతకండి. సీటు వీపు వెనక ఉంటే మేలు. డిక్కీ నేల మీద ఉంటే ఆ పట్టీ సామాను పెట్టే చోటుకు అడ్డంగా నిలుస్తుంది.

మట్టిరోడ్డు

కొండదారి అన్నారు కాబట్టి రాస్తున్నాను. నాలుగు చక్రాల శక్తి ఉన్నదే తీసుకోండి. ఒకసారి తడి మట్టిలో, ఎత్తులో ఇరుక్కుంటే దాని విలువ తెలుస్తుంది. సుబారు ఫారెస్టర్‌లో అది ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, ఇంజను కూడా పడుకోబెట్టిన బాక్సర్ రకం కాబట్టి బరువు కిందికి ఉంటుంది. ఆర్ఏవీ4 హైబ్రిడ్‌లో వెనక చక్రాలకు విడిగా ఒక మోటారు ఉంటుంది, ముందు నుంచి వెనక్కి పోయే పొడవాటి షాఫ్టే ఉండదు. నిజమైన గట్టి బండి కావాలంటే సుజుకి జిమ్నీ ఉంది. నిచ్చెనలాంటి గట్టి చట్రం (లాడర్ ఛాసిస్), నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే లో రేంజి గేర్లు, ఎక్కడికైనా పోతుంది.

సగటుకొలత

మట్టిరోడ్డు గారూ, జిమ్నీ మీద మీకున్న ప్రేమ నాకూ ఉంది. కానీ అందులో నాలుగే సీట్లు. ఐదు తలుపుల జిమ్నీలో కూడా నాలుగే. వీళ్లు ఐదుగురు.

వెన్నెలదారి గారూ, పట్టికల్లో ఒక అంకె కోసం వెతకండి: మోయగల బరువు. బండి మొత్తం ఎంత బరువు దాకా ఉండవచ్చో అందులోంచి ఖాళీ బరువు తీసేస్తే వచ్చేది. ఉదాహరణకు మొత్తం 1,750 కిలోలు, ఖాళీ బరువు 1,320 అనుకుందాం. మిగిలింది 430. ముగ్గురు పెద్దవాళ్లకు సుమారు 210, పిల్లలిద్దరికీ కలిపి 35, చైల్డ్ సీటు, బూస్టరు కలిపి 15, సామాను 100. మొత్తం 360 అయింది. పైకప్పు మీద పెట్టె కూడా పెడితే హద్దు దగ్గరకు వచ్చేసినట్టే. ఐరోపా లెక్కల్లో ఖాళీ బరువులోనే డ్రైవరు కోసం 75 కిలోలు కలిపేస్తారు, కొన్నిచోట్ల కలపరు. రెండు దేశాల పట్టికలు పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోవాలి.

డిక్కీ లీటర్ల సంగతి. జర్మనీ కార్ల తయారీదారుల సంఘం వీడీఏ పద్ధతిలో 200×100×50 మిల్లీమీటర్ల దిమ్మెలతో డిక్కీని నింపి లెక్కపెడతారు. ఒక్కో దిమ్మె సరిగ్గా ఒక లీటరు. అంత చిన్న దిమ్మె మూలమూలలా దూరుతుంది, నేల కింది అరలోకీ దూరుతుంది. మీ సూట్‌కేసు దూరదు. 430 లీటర్ల డిక్కీ కొన్నిసార్లు 480 లీటర్ల దానికన్నా ఎక్కువ పెట్టెలు పట్టడానికి కారణం ఇదే. బాబును తోసుకెళ్లే బండిని, మీరు నిజంగా తీసుకెళ్లే పెద్ద పెట్టెను షోరూముకు పట్టుకెళ్లి పెట్టి చూడండి. ఎవరూ ఏమీ అనుకోరు.

నక్షత్రాలు: ఏ సంవత్సరంలో ఇచ్చారో చూడకుండా నమ్మవద్దు. ఐరోపాలో కొత్త కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ 1997లో మొదలైంది, పరీక్షలు కొన్నేళ్లకోసారి కఠినం అవుతున్నాయి. 2005లో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న ఫియట్ పుంటోకు 2017లో మళ్లీ పరీక్షిస్తే సున్నా వచ్చింది. పైగా ఒక బండి నక్షత్రాలను దాదాపు అంతే బరువున్న బండితోనే పోల్చాలి.

నిదానం

వెన్నెలదారి అమ్మా, నా వయసు మీ అత్తగారి వయసుకు దగ్గర్లోనే ఉండి ఉంటుంది, అందుకని ఆ సంగతే చెబుతాను.

బండి ఎత్తుగా ఉంటే పెద్దవాళ్లకు సులువు అనేది సగం వరకే నిజం. సీటు మరీ పల్లంగా ఉంటే లేవలేం, మరీ ఎత్తుగా ఉంటే ఎక్కలేం. నిలబడినప్పుడు సీటు అంచు తుంటికి కాస్త దిగువన ఉంటే బాగుంటుంది. అప్పుడు బండికి వీపు పెట్టి నిలబడి, వెనక్కి జరిగి కూర్చుని, రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవచ్చు. ఒంటికాలి మీద నిలబడాల్సిన పని ఉండదు. మోకాళ్లకు అసలు శత్రువు ఆ ఒంటికాలి నిలబాటే.

కాళ్లు తిప్పుకునేటప్పుడు తలుపు కింది గడప ఎంత వెడల్పుందో తెలుస్తుంది. వెడల్పాటి గడప అయితే పిక్కలు దానికి రాసుకుంటాయి, వానాకాలంలో దాని మీది బురదంతా బట్టలకు అంటుకుంటుంది. కొన్ని బండ్లలో తలుపే కిందిదాకా దిగి గడపను కప్పేస్తుంది. తలుపు తీస్తే లోపల గడప శుభ్రంగా ఉంటుంది. షోరూములో వంగి ఆ అంచును చేత్తో తడిమి చూడండి. తలుపు ఎంత కోణం తెరుచుకుంటుందో కూడా చూడండి. ఎక్స్-ట్రెయిల్ వెనక తలుపులు దాదాపు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి, పిల్లల సీట్లు బిగించడానికి కూడా అది ఎంతో మేలు.

ఇంకో మాట. జారుడు తలుపుల ఎంపీవీ, అంటే వ్యాను లాంటి కుటుంబం బండి, ఒకటి చూశారా? నేల పల్లంగా, చదునుగా, లోపల విశాలంగా ఉంటుంది. మీ ఇంటి అవసరాలకు అది ఎస్‌యూవీ కన్నా బాగా నప్పవచ్చు.

మట్టిరోడ్డు

నిదానం గారూ, ఎంపీవీతో కొండదారి ఎక్కితే అడుగు తగలదా? గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఎడం, అసలు లెక్కలోకే రాదా?

నిదానం

వస్తుంది. కానీ కొండదారి అంటే తారు రోడ్డా, రాళ్ల బాటా? తారు రోడ్డయితే బ్రేకులు, టైర్లు, మలుపుల్లో నిలకడ ముఖ్యం. వెన్నెలదారి గారి జాబితాలోవన్నీ కారు పునాది మీద కట్టిన బండ్లే. 1994లో వచ్చిన మొదటి ఆర్ఏవీ4, 1995లో వచ్చిన మొదటి సీఆర్-వి ఈ బాట వేశాయి. ఎత్తు పెంచారు, లోపల కారు సుఖం ఉంచారు. ఆ మొదటి సీఆర్-విలో డిక్కీ నేల పలకను బయటకు తీస్తే మడత కాళ్ల బల్ల అయ్యేది. కుటుంబం గురించి ఆలోచించి చేసిన బండి అని నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

సగటుకొలత

గ్రౌండ్ క్లియరెన్స్ మీద ఒక చిన్న హెచ్చరిక. కొందరు ఖాళీ బండికి కొలుస్తారు, కొందరు మనుషులు కూర్చున్నాక కొలుస్తారు. ఐదుగురూ సామానూ ఎక్కాక వెనక భాగం ఎంత దిగిందన్నదే పనికొచ్చే కొలత.

ఎత్తుకు మూల్యం కూడా ఉంటుంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ బోల్తా ప్రమాదాన్ని అంచనా వేయడానికి ఒక లెక్క వాడుతుంది: చక్రాల మధ్య వెడల్పును గురుత్వ కేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగిస్తారు. మామూలు కార్లకు అది ఎక్కువగా 1.30 నుంచి 1.50 వరకు వస్తుంది. ఎస్‌యూవీలు, పికప్‌లు, వ్యాన్లకు 1.00 నుంచి 1.30 వరకు. అంకె తగ్గేకొద్దీ బోల్తా పడే అవకాశం పెరుగుతుంది. అందుకే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ లేని ఎస్‌యూవీ వైపు చూడనే చూడవద్దు. వేగంలో బండి అదుపు తప్పబోతే అది ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెడుతుంది. పాత బండి కొనేవారు దీన్ని మరీ జాగ్రత్తగా చూడాలి.

పానాపట్టు

నాలుగు చక్రాల శక్తి గురించి నా మాట కూడా వినండి. కదలడానికి అది సాయం చేస్తుంది. ఆగడానికి చేయదు. బ్రేకు అన్ని బండ్లకూ నాలుగు చక్రాల మీదే పడుతుంది, పట్టు ఇచ్చేది టైరే. తారు కొండదారికి మంచి టైర్లున్న ముందు చక్రాల బండి చాలు. మంచు, జారుడు బురద, ఎత్తైన మట్టి బాట నిత్యం ఉంటేనే నాలుగు చక్రాలవి తీసుకోండి. లేకపోతే ఆ బరువు, ఆ అదనపు నూనెలు, ఆ ఇంధనం ఖర్చు ఊరికే మోయాలి.

ఇక హైబ్రిడ్, అంటే ఇంజనుకు తోడు కరెంటు మోటారు ఉన్నది. మూడు రకాల పేర్లు మీ జాబితాలో ఉన్నాయి, లోపల మూడూ వేరు.

టొయోటాలో గ్రహచక్రాల (ప్లానెటరీ) గేరు, రెండు మోటార్లు. క్లచ్ లేదు, మామూలు స్టార్టరు లేదు, ఆల్టర్నేటరు లేదు. అరిగే వస్తువులు తక్కువ. హోండాలో ఊళ్లో తిరిగేటప్పుడు ఇంజను ఎక్కువగా కరెంటు తయారుచేస్తుంది, చక్రాలను మోటారు తిప్పుతుంది. పెద్ద రోడ్డు వేగంలో ఒక క్లచ్ ఇంజనును నేరుగా చక్రాలకు కలుపుతుంది. నిస్సాన్ ఈ-పవర్‌లో ఇంజను ఎప్పుడూ చక్రాలను తిప్పదు, కరెంటు తయారుచేయడమే దాని పని. మూడూ ఊరి ట్రాఫిక్‌లో ఇంధనం బాగా ఆదా చేస్తాయి. పెద్ద రోడ్డు మీద నిలకడగా పోతున్నప్పుడు ఆ తేడా తగ్గుతుంది. మైల్డ్ హైబ్రిడ్ అని రాసి ఉంటే మాత్రం అది వేరే వస్తువు. చిన్న మోటారు ఇంజనుకు కాస్త చేయూత ఇస్తుంది, అంతే.

మామూలు పెట్రోలు ఆటోమేటిక్ చూస్తే, డ్రై క్లచ్, అంటే నూనెలో మునగని క్లచ్, ఉన్న డ్యూయల్ క్లచ్ గేరుబాక్సుతో జాగ్రత్త. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించే డ్రైవింగులో ఆ క్లచ్ వేడెక్కుతుంది. కొండ ఎత్తులో బండిని బ్రేకుతో కాకుండా యాక్సిలరేటరుతో నిలబెట్టే అలవాటు ఉంటే ఇంకా తొందరగా పోతుంది. ద్రవం ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టరు రకం ఆ దెబ్బలు బాగా ఓర్చుకుంటుంది.

కొత్తచక్రం

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇదే తరగతిలో పూర్తి కరెంటు బండ్లు ఉన్నాయి కదా, హ్యుందాయ్ కోనా ఎలక్ట్రిక్ లాంటివి. దగ్గర దూరాలు అంటున్నారు, అవి ఎందుకు చూడకూడదు?

పానాపట్టు

ఇంటి దగ్గర నిలిపే చోట చార్జింగు పెట్టుకోగలిగితే తప్పకుండా చూడాలి. పెట్టుకోలేకపోతే వద్దు. రోజూ చార్జింగు కోసం వెతుక్కోవడం కుటుంబానికి అయ్యే పని కాదు.

వెనకసీటు

కరెంటు బండిలో వెనక కూర్చుని చూడండి. బ్యాటరీ నేల కింద ఉండడం వల్ల కొన్నిటిలో పాదాలు పెట్టే చోటు పైకి లేస్తుంది, మోకాళ్లు పైకి వచ్చి తొడల కింద ఆనుకునే ఆసరా పోతుంది. పిల్లలకు తెలియదు. పెద్దవాళ్లకు గంట ప్రయాణంలోనే నడుము పట్టేస్తుంది. ఒక్కో బండి ఒక్కోలా ఉంటుంది, కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

వెన్నెలదారి

ఇన్ని సంగతులు ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మా కొండదారి తారు రోడ్డే. చార్జింగు పెట్టుకునే చోటు మాకు లేదు. జారుడు తలుపుల బండి మాకు ఇక్కడ దొరికేవన్నీ చాలా పెద్దవి, వీధి మలుపులో తిరగవు.

వెనకసీటు గారి ప్రశ్నతో ఇంట్లో మళ్లీ మాట్లాడుకున్నాం. అత్తగారు ముందు సీటులో, పిల్లల మధ్య నేను కూర్చోవాలని తేలింది. పాత బండి వెనక సీటు టేపుతో కొలిచి, బాబు సీటు, పాప బూస్టరు పెట్టి మధ్యలో కూర్చున్నాను. భుజాలు ముందుకు ముడుచుకుని కూర్చోవలసి వచ్చింది. చిన్న తరగతి బండ్ల వెడల్పు మా పాతదానికన్నా పెద్దగా ఎక్కువేమీ కాదు. అది ఆ బండ్ల లోపం కాదు, ఆ తరగతి నలుగురికి సరిపోయేది. మావారు కూడా ఒప్పుకున్నారు.

ఒక సందేహం. పిల్లలు వెనక కూర్చుంటే భద్రం అంటారు కదా, వెనక సీటుకు విడిగా పరీక్షలేమైనా ఉన్నాయా?

వెనకసీటు

ఉన్నాయి. వీటిని చూడకుండా కుటుంబం బండి ఎవరూ కొనకూడదని నా గట్టి అభిప్రాయం.

అమెరికాలో బీమా సంస్థల డబ్బుతో నడిచే ఐఐహెచ్ఎస్ అనే సంస్థ ఉంది. బండి ముఖంలో ఒక పక్క 40 శాతం భాగం అడ్డుగోడకు గంటకు 64 కిలోమీటర్ల వేగంతో తగిలే పరీక్ష ఒకటి చాలా ఏళ్లుగా చేస్తున్నారు. అప్పట్లో ముందు సీటులోనే బొమ్మను పెట్టేవారు. 2022లో దాన్ని మార్చి డ్రైవరు వెనక సీటులో కూడా ఒక బొమ్మను కూర్చోబెట్టారు. చిన్న ఒళ్లు ఉన్న మహిళ, లేదా పన్నెండేళ్ల పిల్ల అంత బొమ్మ. ఆ డిసెంబరులో వచ్చిన మొదటి ఫలితాలు సరిగ్గా చిన్న ఎస్‌యూవీల మీదే. పదిహేను బండ్లలో ‘మంచిది’ అనిపించుకున్నవి రెండే: ఫోర్డ్ ఎస్కేప్, వోల్వో ఎక్స్‌సీ40. ఆర్ఏవీ4కు దాని తర్వాతి మెట్టు దక్కింది. పేరున్న బండ్లు చాలా కింది మెట్టులో నిలిచాయి.

కారణం తెలుసుకుంటే కోపం వస్తుంది. ఢీకొన్న క్షణంలో బెల్టును బిగించే ప్రిటెన్షనరు, ఛాతీ మీద ఒత్తిడి ఎక్కువైతే కాస్త వదిలే లోడ్ లిమిటరు ముందు సీట్లకు ఎప్పుడో వచ్చేశాయి. వెనక సీట్లకు చాలా బండ్లలో రాలేదు. పిల్లలు కూర్చునే చోటుకే రాలేదు! ఆ పరీక్ష తర్వాత తయారీదారులు కదిలారు, కొన్ని బండ్ల వెనక బెల్టులు మార్చారు. కాబట్టి మీరు కొనే బండి ఏ సంవత్సరంలో తయారైందో చూసి, ఆ సంవత్సరం ఫలితం వెతకండి. షోరూములో సూటిగా అడగండి: వెనక రెండు చివరి సీట్ల బెల్టులకు ప్రిటెన్షనరు, లోడ్ లిమిటరు ఉన్నాయా? అమ్మే వ్యక్తి తడబడితే రాతపూర్వకంగా అడగండి.

ఇంత చదివి పిల్లలను ముందుకు మార్చకండి. పదమూడేళ్ల లోపు పిల్లలకు వెనక సీటే భద్రమని ఆ సంస్థే చెబుతోంది.

సగటుకొలత

మధ్యలో పెద్దవాళ్లు కూర్చోవాలంటే ఇంకో దారి ఉంది. మొదటి తరం సిట్రోయెన్ సీ5 ఎయిర్‌క్రాస్‌లో వెనక మూడూ విడివిడి సీట్లు, మూడింటి వెడల్పూ సమానం. వేటికవే ముందుకు వెనక్కి జరుగుతాయి. రెండో తరం ప్యూజో 5008లో కూడా రెండో వరుస మూడు విడి సీట్లే. మామూలు బండ్లలో మధ్య సీటు గట్టిగా, ఉబ్బెత్తుగా ఉంటుంది, దూరప్రయాణంలో కూర్చునేవారికి అది శిక్ష. మీ జాబితాలో ఇవి కూడా చేర్చుకోండి. మీ దగ్గర దొరికితే, దగ్గర్లో సర్వీసు కూడా ఉంటేనే సుమా.

నిదానం

అత్తగారు ముందు సీటు అన్నారు కాబట్టి ఒకటి చూడండి. డ్రైవరు సీటుకు ఎత్తు సర్దుకునే మీట చాలా బండ్లలో ఉంటుంది. పక్క సీటుకు కింది వేరియంట్లలో తరచుగా ఉండదు. మీకు అదే కావాలి. పైన పట్టుకునే పిడి కూడా ఉండాలి. తలుపు మీద చెయ్యి ఆనించి లేవడం ప్రమాదం, అది కదిలిపోతుంది.

రాత్రి పూట ఒకసారి నడిపి చూడమని నేను చెప్పానని మీవారితో అనండి. హెడ్‌లైట్ల వెలుతురు కొండ మలుపులో ఎంతవరకు పడుతుందో పగలు తెలియదు.

వెన్నెలదారి

మొత్తం కుటుంబంతో వెళ్లి నాలుగు బండ్లు చూశాం. చైల్డ్ సీటు, బూస్టరు, పెట్టె, బాబు బండి అన్నీ వెంట తీసుకెళ్లాం. ఒక షోరూములో కాస్త విసుక్కున్నారు. మరోచోట అమ్మాయి తనే వచ్చి సీటు బిగించడానికి సాయం చేసింది.

అత్తగారికి ఎక్కువ నచ్చిన బండి మేం ఊహించినది కాదు. అన్నిటికన్నా ఎత్తైనదానిలోకి ఎక్కడానికి ఆవిడ పిడి పట్టుకుని ఊగిసలాడారు. మధ్యస్థంగా ఉన్నదానిలో ఎవరి సాయమూ లేకుండా కూర్చుని, కాళ్లు తిప్పుకుని, తలుపు తనే వేసుకున్నారు. మళ్లీ దిగి, మళ్లీ ఎక్కి చూపించారు.

అదే బండి రెండు వేరియంట్లు నడిపాం. 19 అంగుళాల చక్రాలున్నదానిలో ప్రతి గతుకూ వెన్నుకు తగిలింది. 17 అంగుళాలదానిలో సాఫీగా పోయింది. అమ్మేవారు మాత్రం పెద్ద చక్రాలదాన్నే తీసుకోమన్నారు.

ఇప్పుడు మిగిలినవి రెండు: ఆర్ఏవీ4 హైబ్రిడ్, ముందు చక్రాల రకం; ఇంకా సీ5 ఎయిర్‌క్రాస్ పెట్రోలు. మొదటిదానిలో ఇంధనం ఆదా. రెండోదానిలో నేను పిల్లల మధ్య మనిషిలా కూర్చోగలిగాను.

పానాపట్టు

చిన్న చక్రాలవే తీసుకోండి. టైరు గోడ ఎత్తుగా ఉంటే గుంతల్లో రిమ్ము బతుకుతుంది, మార్చుకునేటప్పుడు టైరు ఖర్చూ తక్కువ.

రెంటిలోనూ డిక్కీ నేల ఎత్తి స్టెప్నీ ఉందో లేదో చూడండి. చాలా హైబ్రిడ్లలో ఆ చోటు బ్యాటరీకి పోతుంది, బదులుగా పంక్చరు కిట్టు ఇస్తారు. మేకు గుచ్చుకుంటే కిట్టు పనిచేస్తుంది. టైరు పక్క గోడ చిరిగితే పనిచేయదు. సన్నటి తాత్కాలిక చక్రం ఇస్తే అదైనా మేలు, గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదని దాని మీదే రాసి ఉంటుంది.

మట్టిరోడ్డు

నా ఓటు ఆర్ఏవీ4కు. కానీ నెలకోసారి గంటల తరబడి మధ్యలో కూర్చునేది మీరు. మీ నడుము చెప్పిందే వినండి.

వెనకసీటు

మట్టిరోడ్డు గారితో ఏకీభవిస్తున్నాను. నిర్ణయించే ముందు రెంటిలోనూ వెనక మధ్యలో కూర్చుని అరగంటైనా ప్రయాణం చేయండి, పిల్లలతో సహా. మధ్య సీటుకు తల ఆనించే దిండు పైకి ఎంత లేస్తుందో, బెల్టు మూడు చోట్ల పట్టేదేనా, అది పైకప్పు నుంచి దిగుతుందా, సీటులోంచే వస్తుందా చూడండి.

వెన్నెలదారి

అరగంట కాదు, బతిమాలి పెద్ద రోడ్డు మీదికి తీసుకెళ్లాం. సీ5 ఎయిర్‌క్రాస్ ఖాయం చేశాం. పాపే బెల్టు పెట్టుకుంది. బాబు నిద్రపోయాడు. ఇంధనం కాస్త ఎక్కువ తాగినా ఫరవాలేదని మావారే అన్నారు. వెనక బెల్టుల సంగతి రాతపూర్వకంగా అడిగాం, జవాబు వచ్చాకే బయానా ఇచ్చాం. చిన్న చక్రాలది, పక్క సీటుకు ఎత్తు మీట ఉన్నది, తాత్కాలిక స్టెప్నీతో.

ఆఖరి ప్రశ్న. దూర ప్రయాణాలకు పైన పెట్టె పెట్టుకోవచ్చా? ఐదుగురం, నిండు సామాను ఉన్నప్పుడు టైర్లలో గాలి అంతే ఉంచాలా?

సగటుకొలత

పెట్టె పెట్టుకోవచ్చు, మాన్యువల్‌లో పైకప్పు హద్దు చూసి. చాలా బండ్లకు అది 75 కిలోల చుట్టూ ఉంటుంది. అడ్డ కమ్మీలు, ఖాళీ పెట్టె బరువు కూడా అందులోనే లెక్క. అవి పోగా మిగిలేది యాభై కిలోల పైచిలుకే. బరువైనవి డిక్కీలో సీటు వీపుకు ఆనించి అడుగున పెట్టండి. దుప్పట్లు, బట్టలు లాంటివి పైకి పంపండి. బరువు పైకి పోయేకొద్దీ మలుపుల్లో బండి ఒరుగుతుంది, మీది కొండదారి.

పానాపట్టు

గాలి అంతే ఉంచకూడదు. డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీదో, ఇంధనం మూత లోపలో స్టిక్కరు ఉంటుంది. అందులో మామూలు బరువుకు ఒక వరుస, నిండు బరువుకు ఒక వరుస. నిండు బరువులో వెనక టైర్ల అంకె ఎక్కువగా పెరుగుతుంది. బయలుదేరే ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి, వేడెక్కాక కొలిస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. తిరిగి వచ్చి సామాను దించాక మళ్లీ మామూలు అంకెకు తగ్గించండి. బండి చేతికి రాగానే ఆ స్టిక్కరు ఫొటో ఇక్కడ పెట్టండి, ఏ వరుస ఎప్పుడు వాడాలో చెబుతాను.